కంట్రోలు బియ్యంతో కార్లు నడపడమా?

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని చేరుకున్నామని కేంద్ర ప్రభుత్వం 2025లో గొప్పగా చాటుకున్నది. 2030కి అనుకున్న పని అయిదేళ్ల ముందే అయిపోయిందట. విదేశీ మారకం లక్ష కోట్లకు పైగా మిగిలిందట. ఆ డబ్బు అన్నదాత ఇంటికే చేరిందట. కాటారం బంకులో నూరు రూపాయల పెట్రోలు పోయించుకునే కైకిలి మనిషి కూడా తనకు తెలియకుండానే ఈ ఇథనాల్ కొంటున్నాడు. అది దేనితో తయారవుతున్నదో మాత్రం మంత్రులు అంత గట్టిగా చెప్పడం లేదు. అందులో సగానికి దగ్గరగా మక్కలు, కొంత చెరకు, మిగిలినదాంట్లో బియ్యం, నూకలు. ఆ బియ్యంలో పెద్దపాలు ఫుడ్ కార్పొరేషన్ గోదాములవి. అంటే మన కంట్రోలు దుకాణానికి రావలసిన బియ్యమే.

వ్యవసాయ కూలీల సంఘానికి పెట్రోలు గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. మైలేజీ పడిపోతున్నదని కార్లవాళ్లు ఏడిస్తే మనకేమిటంటున్నారు. మైలేజీ పడిపోయే మాట నిజమే. నీతి ఆయోగ్ 2021లో వేసిన నివేదికలోనే కొన్ని రకాల కార్లకు 6, 7 శాతం, మోటారు సైకిళ్లకు 3, 4 శాతం తగ్గుతుందని రాసుకున్నారు. కాని మా గొడవ అది కాదు. పేదల పేరు మీద, ప్రజల పన్నులతో కొన్న తిండిగింజలను సగం ధరకు డిస్టిలరీలకు పోయడం మా గొడవ.

ఫుడ్ కార్పొరేషన్ 1965లో పుట్టింది. అమెరికా ఓడల్లో వచ్చే గోధుమల కోసం దేశం చెయ్యి చాచిన రోజులవి. రైతు దగ్గర మద్దతు ధరకు కొనాలి, పేదవాడికి చవకగా పంచాలి, కరువుకు నిల్వ ఉంచాలి. దాని పని ఇంతే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తర్వాతనే మన దిక్కు చాలా గట్క ఇండ్లలో తెల్లన్నం ఉడికింది. అది ఎవరి దయా కాదు. తిండి కోసం పల్లెల్లో జరిగిన పోరాటాలు వెనక ఉన్నాయి.

ఇంధనం విషయంలో కూడా 2009లో ఒక గీత గీశారు. ఆ ఏడు చేసిన జాతీయ జీవ ఇంధన విధానం, తిండికి పనికిరాని గింజలతోనే, బీడు భూముల్లోనే ఇంధనం తీయాలన్నది. 2018లో కొత్త విధానం తెచ్చి ఆ గీతను చెరిపేశారు. చెడిపోయిన ధాన్యమే కాదు, 'మిగులు' ఉందని ఢిల్లీలో ఒక కమిటీ తేలిస్తే మంచి బియ్యమూ ఇవ్వవచ్చునన్నారు. ఆ కమిటీ ఫుడ్ కార్పొరేషన్ బియ్యాన్ని మిగులుగా తేల్చింది ఎప్పుడంటే 2020 ఏప్రిల్ 20న. లాక్‌డౌను పెట్టి నెల కూడా తిరగలేదు. వలస కూలీలు పిల్లలను భుజానేసుకుని వందల మైళ్లు నడుస్తున్నారు. మన పక్క ములుగు జిల్లాలో మిరపకాయ ఏరడానికి వచ్చి, పని ఆగిపోయి, చత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు కాలినడకన బయలుదేరిన 12 ఏండ్ల ఆదివాసీ పిల్ల, ఇల్లు ఇంకొంత దూరం ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. రెండు రోజులకు ఢిల్లీలో కమిటీ కూర్చున్నది. బియ్యం ఎక్కువైనాయి, శానిటైజరుకు, పెట్రోలులో కలపడానికి ఇవ్వవచ్చునని తీర్మానించింది. ఆ బియ్యాన్ని ఆ నెలలో రోడ్ల మీద వండిపెట్టడానికి ఏ కమిటీ అడ్డం వచ్చిందో మాకు తెలియదు.

ధర సంగతి చూడండి. కిలో బియ్యం కొని, పట్టించి, మోసి, నిల్వ చేసేటప్పటికి ఫుడ్ కార్పొరేషన్‌కు 40 రూపాయల దగ్గర పడుతున్నది. ఇథనాల్ కంపెనీలకు కొన్నాళ్లు 20 రూపాయలకు ఇచ్చారు. 2023 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం తన పేదలకు అదనంగా 5 కిలోలు ఇస్తాం, కిలో 34 రూపాయలు చెల్లిస్తాం, బియ్యం అమ్మండి అని అడిగింది. ముందు సరేనన్నారు, వెంటనే ధరలు పెరుగుతాయని సాకు చెప్పి రాష్ట్రాలకు అమ్మడమే ఆపేశారు. నగదు ఇచ్చే రాష్ట్రానికి 34కు లేని బియ్యం డిస్టిలరీలకు 20కి ఉండినాయి. గోల అయిన తర్వాత జూలైలో డిస్టిలరీలకు కూడా ఆపారు. 2024లో మళ్లీ తెరిచారు. 2025 జనవరిలో 28 రూపాయల ధరను 22 రూపాయల 50 పైసలకు దించారు. 2024-25 ఇథనాల్ సంవత్సరానికి 52 లక్షల టన్నులు కేటాయించారు.

52 లక్షల టన్నులంటే ఎంతో పట్టికలో చూస్తే తెలియదు. మనిషికి నెలకు 5 కిలోలు, ఏడాదికి 60 కిలోల లెక్కన అది 8 కోట్ల 60 లక్షల మందికి ఏడాది కోటా. మన తెలంగాణ జనాభాకు రెట్టింపు కంటె ఎక్కువ. అంతా ఎత్తుకుపోతే, కిలోకు 17 రూపాయల చొప్పున సర్కారు భరించేది 9 వేల కోట్ల దగ్గరికి వస్తుంది. ఇంకోతీరుగా చెప్పుకుందాం. 50 లీటర్ల కారు ట్యాంకులో 10 లీటర్లు ఇథనాల్. బియ్యంతో తీస్తే లీటరుకు రెండు కిలోల పైచిలుకు కావాలి. ఒకసారి ట్యాంకు నింపితే ఒక మనిషి నాలుగు నెలల బియ్యం అందులోకి పోయినట్టు. కూలీకి చవకగా బియ్యం ఇస్తే సోమరి అవుతాడని పాఠాలు చెప్పే పెద్దమనుషులు డిస్టిలరీ యజమానికి ఇచ్చే ఈ సబ్సిడీ గురించి ఒక్క ముక్క రాయరు.

గోదాములు నిండిపోయినాయి, పురుగు పడుతున్నాయి, ఏం చేయమంటారని ఎదురు అడుగుతారు. నిల్వలు ఎక్కువగా ఉన్న మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ మిగులు ఎట్లా వచ్చిందో కూడా చూడాలి. ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. దాని కింద ఎంతమందికి బియ్యం ఇవ్వాలో 2011 జనాభా లెక్కల ప్రకారం కట్టారు. తర్వాత పుట్టినవాళ్లు, కోడళ్లుగా వచ్చినవాళ్లు, వేరు కాపురం పెట్టినవాళ్లు కోట్ల మంది ఆ లెక్కలో లేరు. మన రాష్ట్రంలో కొత్త కార్డుల పంపిణీ 2025 జూలైలో గాని పెద్ద ఎత్తున మొదలు కాలేదు. అప్పటిదాకా పదేండ్ల పిల్ల బడికి పోతున్నది గాని కార్డులో పుట్టలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నది, మంచిదే. కాని బువ్వ ఒక్కటే తిండి కాదు గదా. కందిపప్పు, మంచినూనె ఇవ్వమంటే డబ్బు లేదంటారు. తినేవాళ్లను లెక్కలోంచి తీసేసి, మిగిలినదాన్ని మిగులు అనడం ఎక్కడి న్యాయం?

నూకల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యాసంగి వడ్లు ఎండకు పగిలి నూక ఎక్కువ వస్తుంది. అది పేదింటి జావ, కోళ్ల మేత. ఇథనాల్ ఫ్యాక్టరీలు కొనడం మొదలుపెట్టినంక దానికీ ధర వచ్చింది. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని కేంద్రమే నిషేధించవలసి వచ్చింది.

ఇక మక్కల కథ. మక్క రైతుకు బంగారు కాలం వచ్చిందని 2024లో ప్రచారం చేశారు. ధర పెరిగింది కూడా. ఎప్పుడూ మక్కలు ఎగుమతి చేసే దేశం ఆ ఏడు మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకున్నది. మరుసటి ఏడు రైతులు ఎగబడి వేశారు. 2025 వానకాలానికి మద్దతు ధర 2,400 రూపాయలు. పంట మార్కెట్టుకు వచ్చేసరికి వ్యాపారి అంతకు ఎంతో తక్కువకు అడిగాడు. ఇథనాల్ ధర సర్కారు కట్టిస్తుంది, కంపెనీకి నష్టం లేదు. మక్కల ధర మాత్రం బజారు కడుతుంది. ఇంకో వింత ఉన్నది. ఇథనాల్ తీసిన తర్వాత మిగిలే పిప్పిని దాణాగా అమ్ముతారు. అది చవకగా దొరకడంతో సోయా చెక్కకు గిరాకీ పడిపోయింది. 2024లో సోయా మద్దతు ధర 4,892 రూపాయలుంటే బయట అంతకు చాలా తక్కువకు అమ్ముకోవలసి వచ్చిన సోయా రైతుకు, తన దెబ్బకు కారణం పెట్రోలు బంకులో కూడా ఉందని ఎవరు చెప్పారు?

మన దేశం తినే నూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తున్నది, ఏటా 160 లక్షల టన్నుల దాకా. 2024-25లో పప్పులు 70 లక్షల టన్నులకు పైగా దిగుమతి చేసుకున్నాము. పెసరు, కంది, నువ్వు, పల్లికాయ వేసే చేను మక్కకు మళ్లితే పెట్రోలు దిగుమతి కొంత తగ్గవచ్చు, కూరలో నూనె దిగుమతి పెరుగుతుంది. పైగా మక్క యూరియా తినే పంట. 2025 వానకాలంలో యూరియా బస్తా కోసం మన రైతులు సొసైటీల ముందు చెప్పులు, జిరాక్సు కాగితాలు వరుసలో పెట్టి తెల్లవార్లూ కూర్చున్న సంగతి మరువలేదు గదా. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ ఉండి కూడా ఆ గతి. యూరియా తయారయ్యేది గ్యాసుతో. ఆ గ్యాసులో చాలా భాగం ఓడల్లో వచ్చేదే. ఒక చేత్తో ఆపిన దిగుమతిని రెండో చేత్తో తెచ్చుకుంటున్నాము.

ఇందులో కూలీకి వచ్చేదేమిటి? ఎకరం మిరపతోట ఏరడానికి ఎన్ని చేతులు, ఎన్ని రోజులు కావాలో మన ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. పత్తి అయినా రెండు మూడు ఏరుళ్లు ఉంటాయి. మక్కకు విత్తనం పెట్టే నాడు పని, ఎరువు వేసే నాడు కొంత పని. కలుపును గడ్డిమందు చంపుతుంది. కోత, నూర్పిడి మిషను చేస్తుంది. కాటారం, మహాముత్తారం, మహాదేవపూర్ మండలాల్లో మిరప, పత్తి తగ్గి మక్క ఎంత పెరిగితే ఆడవాళ్ల పనిదినాలు అంత తగ్గుతాయి. మక్క ధర పెరిగిన ఏడు కౌలు పెరుగుతుంది. పడిపోయిన ఏడు ఆ కౌలు దిగదు. కౌలుదారుల్లో ఎక్కువమంది నిన్నటి కూలీలే.

నీళ్ల విషయం దగ్గర మన ప్రాంతం వాళ్లకు కడుపు మండుతుంది. కిలో బియ్యం పండాలంటే తక్కువలో తక్కువ రెండున్నర వేల లీటర్ల నీళ్లు కావాలి. లీటరు ఇథనాల్‌కు 5 వేల లీటర్ల పైమాటే. మన పొరుగు మండలంలో మేడిగడ్డ బరాజును 2019 జూన్‌లో ప్రారంభించి, గోదావరి నీళ్లను కన్నేపల్లి మోటర్లతో ఎత్తి పైకి పంపారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగేదాకా అది సాగింది. ఆ అప్పులు, ఆ కరెంటు బిల్లులు ప్రజల నెత్తి మీద ఉన్నాయి. ఇక్కడి మండలాల్లో 45 వేల ఎకరాలకు నీళ్లిస్తామన్న చిన్న కాళేశ్వరం ఎత్తిపోతల మాత్రం ఏండ్ల తరబడి నానింది. గోదావరి ఒడ్డున ఉండి వాన కోసం చూసే చేన్లు మనవి. అంత ఖర్చుతో ఎత్తిన నీళ్లతో పండిన వడ్లు చివరకు పెట్రోలులో కలిసేటట్టయితే ఆ ప్రాజెక్టు ఎవరి కోసం కట్టినట్టు?

ఫ్యాక్టరీ పెట్టిన ఊళ్లు ఏమంటున్నాయో వినాలి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో వ్యర్థాలతో వాగు, గాలి చెడిపోతున్నాయని చుట్టుపక్కల ఊళ్లు కొట్లాడితే 2023 అక్టోబరులో లాఠీలు లేచినాయి. ఆ ఏడే జగిత్యాల జిల్లా పాశిగాం, స్తంభంపల్లి జనం ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కారు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరు 26న జాతీయ రహదారి మీద బైఠాయించి మరునాటికి పనులు ఆపించారు. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో అరెస్టు చేసిన రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకుపోయారు. దేశమంతా చూసిన తర్వాత కొందరు పోలీసులను సస్పెండ్ చేశారు. కేసులు మాత్రం రైతుల మీదనే. ఉద్యోగాలు వస్తాయన్నారు గాని, ఇవి మనుషులతో నడిచే ఫ్యాక్టరీలు కావు. ఊరివాళ్లకు దక్కేది లారీ హమాలీ, గేటు దగ్గర కాపలా.

ఈ ఆట ప్రపంచం ఒకసారి చూసింది. అమెరికా తన మొక్కజొన్నను ఇథనాల్‌కు మళ్లిస్తే 2007 జనవరిలో మెక్సికో పేదలు రొట్టె ధర మీద వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడు మార్చిలో ఫిడెల్ కాస్ట్రో జబ్బుమంచం మీదినుంచి రాసిన వ్యాసంలో దీన్నే ఎండగట్టాడు. అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆహార హక్కు ప్రతినిధి జాన్ జీగ్లర్ అయిదేండ్లు దీన్ని నిలిపివేయాలని కోరాడు. ఎవరూ వినలేదు. 2008లో తిండిగింజల ధరలు ప్రపంచమంతటా భగ్గుమన్నాయి.

మరి పెట్రోలు దిగుమతి తగ్గవద్దా అంటే, తగ్గాలి. వేడి పెరిగి వానలు తప్పితే ముందు దెబ్బతినేది కైకిలి మీద బతికేవాళ్లమే. కాబట్టి వేరే దారులు మనమే చూపాలి. అన్ని దారులూ మంచివి కావని కూడా చెప్పాలి. 2003 తర్వాత అడవి ఆముదంతో డీజిల్ అన్నారు. బీడు భూములన్నీ పచ్చబడతాయన్నారు. నీళ్లు పెట్టని జాగలో అది కాయలేదు. 2017 కల్లా 20 శాతం అన్న మాట కాగితం మీదనే పోయింది. వాళ్ల లెక్కలో బీడు అన్నది మన లెక్కలో గొర్లు మేసే జాగ, పోడు చేను, కట్టెలు ఏరుకునే దిబ్బ. ఆ భూములు కంపెనీల పాలు కాకపోవడమే మేలయింది.

అదే కాలంలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలం పవర్‌గూడలో గోండు మహిళలు చేసిన పని వేరు. కానుగ గింజలు ఏరి, తమ సంఘం మిల్లులో నూనె తీసి, చెక్కను చేన్లకు ఎరువుగా వేసుకున్నారు. పదేండ్లలో ఆ నూనె 147 టన్నుల కార్బన్ డయాక్సైడును తప్పిస్తుందని లెక్కకట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. బ్యాంకు గొప్పతనం చెప్పడానికి కాదు, ఆ డబ్బు ఎంత స్వల్పమో చూస్తేనే తెలుస్తున్నది. చెట్టు గట్టు మీద ఉన్నది, గింజ ఏరిన చెయ్యి, మిల్లు, నూనె ఒకరివే అయినాయి. అక్కడ ఉన్నది అసలు సంగతి.

మన దగ్గర పత్తి కట్టె ఉన్నది. చివరి ఏరుడు అయినంక పీకి కుప్పపెట్టి తగలబెడుతున్నారు. దాన్ని నూరి, ఒత్తి ఇటుకల్లాగా చేస్తే బట్టీలకు, బాయిలర్లకు బొగ్గు బదులు వాడవచ్చు. పీకిన కూలికి, మోసిన కూలికి డబ్బు వచ్చేటట్టుంటేనే అది మన దారి. వరిగడ్డి మాట ఎత్తేవాళ్లు ముందు పశువులకు వదిలి మాట్లాడాలి. హర్యానాలోని పానిపట్‌లో 2022లో వరిగడ్డితో ఇథనాల్ తీసే ఫ్యాక్టరీని ప్రభుత్వ సంస్థే పెట్టింది. తిండిగింజ ముట్టకుండా ఇథనాల్ తీయవచ్చునని అది ఒప్పుకున్నట్టే గదా. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు 10 టన్నుల కుళ్లిన కూరగాయలతో గ్యాసు తీసి 500 యూనిట్ల దాకా కరెంటు పుట్టించారు. మంథని, భూపాలపల్లి మార్కెట్ల చెత్తకు, హాస్టళ్ల ఎంగిలికి అటువంటిది చిన్నది పెట్టడానికి ఏం అడ్డం?

సోలారు లెక్క ఇంకా తెల్లనిది. ఎకరంలో 25 క్వింటాళ్ల మక్క పండితే వచ్చే ఇథనాల్ వెయ్యి లీటర్ల లోపే. ఇంజనులో కాలితే అందులోంచి పనికివచ్చే శక్తి రెండు వేల యూనిట్లకు మించదు. అంతే జాగలో సోలారు పలకలు ఏడాదికి రెండు లక్షల యూనిట్లకు పైగా ఇస్తాయి. నూరు రెట్లు. అట్లాగని పేదల చేన్లు గుంజుకుని పలకలు పరిస్తే దానినీ ఎదిరించవలసిందే. ఇండ్ల కప్పులున్నాయి, బడులున్నాయి, కాలువ గట్లున్నాయి. పోడు పట్టాలున్న ఆదివాసులకు సోలారు మోటర్లు ఇస్తామని 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో రాష్ట్ర ప్రభుత్వం పథకం మొదలుపెట్టింది. పలిమెల, మహాముత్తారం అడవి ఊళ్లకు అవి ఎన్ని వచ్చాయో అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికంటె సులువైనది బస్సు. మిరప ఏరడానికి ఆటోలో పదిహేను మంది, ట్రాలీలో ముప్పై మంది కిక్కిరిసి పోయే కూలీలకు పొద్దున్నే ఒక ఆర్టీసీ బస్సు నడిపితే పెట్రోలూ మిగులుతుంది, ప్రాణాలూ మిగులుతాయి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు. కాని ఊరికి బస్సే రాకుంటే ఉచితం ఎవరికి? డిస్టిలరీకి కిలోకు 17 రూపాయలు వదులుకునే సర్కారుకు బస్సుల కోసం డబ్బు లేదనే మాట మేము నమ్మము.

2025 డిసెంబరులో ఎన్నికైన సర్పంచులు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వచ్చే వడ్ల కొనుగోలు మొదలయ్యేలోగా కాటారం మండలంలోని ప్రతి గ్రామసభలో ఈ సంగతి పెట్టించాలని మా సంఘం అనుకున్నది. ఫుడ్ కార్పొరేషన్ బియ్యం ఇథనాల్‌కు ఇవ్వడం ఆపాలి. అదే బియ్యం కార్డు లేనివాళ్లకు ఇవ్వాలి, దానితో పప్పు, నూనె కలపాలి. గ్రామసభ ఒప్పుకోకుండా ఏ ఇథనాల్ ఫ్యాక్టరీకీ జాగ చూపరాదు. కూలీలు పోయే దారుల్లో పొద్దుటి బస్సు వేయాలి. కార్యకర్తలు సభకు వచ్చేటప్పుడు తమ ఊళ్లో కార్డు లేని కుటుంబాలెన్నో, కార్డు ఉండి పేరు ఎక్కని పిల్లలు, కోడళ్లు ఎందరో ఇల్లిల్లూ తిరిగి రాసుకుని రావాలి. తహసీలుదారు బల్ల మీద పెట్టవలసింది ముందు ఆ జాబితానే.